తెలుగు పత్రికల పాత సంచికలు: విద్యాసంస్థల గ్రంథాలయాలలో నిల్వ, పరిరక్షణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆధునిక తెలుగు సాహిత్యంలో అధికభాగం మొదట వెలుగు చూసింది పత్రికలలోనే. వాటిలో గణనీయమైన భాగం నేటికీ పుస్తకరూపం పొందలేదు. అందువల్ల పాత సంచికలు పరిశోధనకు ప్రాథమిక ఆకరాలు. అయితే విశ్వవిద్యాలయ, కళాశాల గ్రంథాలయాలలో పత్రికల నిల్వకు ఏర్పడిన పద్ధతులు ప్రధానంగా విజ్ఞానశాస్త్ర పత్రికలను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. ఆ పద్ధతులను తెలుగు పత్రికలకు యథాతథంగా వర్తింపజేయడం వల్ల కలిగిన నష్టాన్ని, కాగితం స్వభావాన్ని, చట్టపరమైన ఏర్పాట్లను, మైక్రోఫిల్మ్, డిజిటల్ ప్రయత్నాల పరిమితులను పరిశీలించడం, ఆచరణయోగ్యమైన మార్గాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలుగు పత్రికలు, గ్రంథాలయోద్యమం, బైండింగ్, ఆమ్లత, ఉపసంహరణ, మైక్రోఫిల్మ్, డిజిటలీకరణ, ఉమ్మడి సూచిక.

1. ఉపోద్ఘాతం

తొలి తెలుగు కథ ఏది అనే ప్రశ్నకు చాలాకాలం ఒకే సమాధానం ఉండేది. 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చిన గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' తొలి కథ అని పాఠ్యగ్రంథాలు చెప్పాయి, తరగతి గదులు బోధించాయి. తర్వాతి కాలంలో 1902 నవంబరు నాటి 'హిందూసుందరి'లో అచ్చయిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' వెలుగులోకి వచ్చింది. దానితో చర్చ స్వరూపమే మారిపోయింది. కథానికకు లక్షణాలు ఏమిటి, ఆద్యత్వాన్ని నిర్ణయించేది కాలమా, శిల్పమా అన్న వాదాలు నేటికీ తెగలేదు. కాని ఆ వాదాలు జరగడానికి ఆధారమైనది ఒక మాసపత్రిక సంచిక. స్త్రీల కోసం సత్తిరాజు సీతారామయ్య నడిపిన ఆ పత్రికను ఎవరో ఎక్కడో పారవేయకుండా దాచి ఉంచారు. ఆ సంచిక మిగలకపోయి ఉంటే చరిత్రలో ఒక రచయిత్రి స్థానం ప్రశ్నార్థకంగానైనా నిలిచేది కాదు.

ఈ ఒక్క ఉదాహరణ నుండి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, సాహిత్యచరిత్ర నిర్ణయాలు మిగిలిన ఆకరాలపై ఆధారపడతాయి. రెండు, ఏవి మిగులుతాయన్నది సాహిత్య విలువను బట్టి కాక గ్రంథాలయ నిర్వహణను బట్టి, ఒక్కొక్కప్పుడు కేవలం యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. కనుక పత్రికల నిల్వ గ్రంథాలయశాస్త్రానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

2. పత్రికలలోనే నిలిచిపోయిన సాహిత్యం

పంతొమ్మిదో శతాబ్ది ప్రథమార్ధంలో మొదలైన తెలుగు పత్రికారంగం, ఆ శతాబ్ది చివరి మూడు దశాబ్దాలలో సాహిత్యానికి ప్రధాన వేదికగా మారింది. 1874లో కందుకూరి వీరేశలింగం స్థాపించిన 'వివేకవర్ధని' సంఘసంస్కరణకు, సరళమైన వచనానికి వాహిక అయింది. 1902లో వెలువడిన 'కృష్ణాపత్రిక', 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసులో దినపత్రికగా మారిన 'ఆంధ్రపత్రిక', నిజాం పాలిత ప్రాంతంలో 1922లో వచ్చిన 'నీలగిరి', 'తెనుగు' పత్రికలు, 1926లో సురవరం ప్రతాపరెడ్డి ఆధ్వర్యంలో మొదలైన 'గోలకొండ పత్రిక' తమతమ ప్రాంతాల సాహిత్య, సాంఘిక జీవనాన్ని నమోదు చేశాయి.

కాశీనాథుని నాగేశ్వరరావు 1924 జనవరిలో ప్రారంభించిన 'భారతి' 1991 వరకు సాగింది. నెలకొకటి చొప్పున లెక్కించినా సుమారు 800 సంచికలు. శాసనపరిశోధన, ఛందస్సు, వ్యాకరణం, కావ్యవిమర్శ, అనువాదం, కథ, కవిత వీటన్నింటికీ అందులో చోటు దొరికింది. ఒక పండితుడు రాసిన వ్యాసానికి మరొకరు ఖండన రాయడం, దానికి తిరిగి సమాధానం రావడం ఆనాటి సంప్రదాయం. తర్వాత పుస్తకాలుగా వచ్చిన వ్యాససంపుటాలలో సాధారణంగా ఒక పక్షం వాదమే ఉంటుంది. ఎదుటి పక్షం వాదం, పాఠకుల లేఖలు, సంపాదకీయ వ్యాఖ్య, గ్రంథసమీక్షలు సంచికలకే పరిమితమైపోతాయి. ఒక వాదాన్ని సంపూర్ణంగా చదవాలంటే సంచికలను వరుసగా తిరగవేయడం తప్ప మరో మార్గం లేదు.

ధారావాహికల పరిస్థితి కూడా అటువంటిదే. పత్రికలో వచ్చిన పాఠానికీ పుస్తకపాఠానికీ మధ్య రచయిత చేసిన మార్పులు పాఠపరిష్కరణకు ముఖ్యమైనవి. 1968లో కడప నుండి రాచమల్లు రామచంద్రారెడ్డి సంపాదకత్వంలో మొదలైన 'సంవేదన', 1966లో వరంగల్లు నుండి మొదలైన 'సృజన' వంటి చిన్నపత్రికలు తక్కువ ప్రతులతో, పరిమితమైన చందాదారులతో నడిచాయి. అటువంటి పత్రికల విషయంలో ఒక్కొక్క ప్రతి నష్టమూ పూడ్చుకోలేనిదే.

3. దాచినవారు ఎవరు?

తెలుగు పత్రికల సంరక్షణ చరిత్రలో గమనించదగిన విషయం, ఈ పనిలో విశ్వవిద్యాలయాల కంటె ప్రజాగ్రంథాలయాలు ముందుండటం. 1898లో రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు నెలకొల్పిన గ్రంథాలయం తర్వాత గౌతమీ గ్రంథాలయంగా ఎదిగింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ఏర్పడ్డాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం రూపుదిద్దుకుంది. ఈ ఉద్యమానికి పత్రిక పఠనం జాతీయోద్యమంలో భాగం. పఠనమందిరానికి వచ్చిన పత్రికను చదివిన తర్వాత దాచడం కూడా దేశసేవగానే భావించారు. 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన వేటపాలెం గ్రంథాలయ భవనంలోని పాత పత్రికల సంపుటాల కోసం దూరప్రాంతాల పరిశోధకులు వెళ్లి రోజుల తరబడి ఉండి పనిచేసుకోవడం పరిపాటి అయింది.

విశ్వవిద్యాలయాల చరిత్ర ఇందుకు భిన్నం. ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడ్డాయి. అంటే ఇవి ఏర్పడేనాటికే తొలితరం పత్రికలు కొన్ని ఆగిపోయాయి. పాత సంచికలు ఈ గ్రంథాలయాలకు చందా ద్వారా కాక దాతల ద్వారా, పండితుల సొంత సేకరణల ద్వారా చేరవలసి వచ్చింది. అటువంటి సేకరణలు సహజంగానే అసంపూర్ణాలు.

చట్టం కూడా తెలుగు నేలకు తగినంత తోడ్పడలేదు. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టాన్ని 1956లో వార్తాపత్రికలకు విస్తరించారు. దాని ప్రకారం ప్రచురణకర్తలు ప్రతులు పంపవలసిన గ్రంథాలయాలు నాలుగు: కలకత్తా జాతీయ గ్రంథాలయం, మద్రాసు కన్నెమరా గ్రంథాలయం, బొంబాయి కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. వీటిలో ఏదీ తెలుగు రాష్ట్రాలలో లేదు. పైగా చిన్నపత్రికల నిర్వాహకులకు ప్రతి సంచికనూ నాలుగుచోట్లకు సొంత ఖర్చుతో పంపడం భారమే.

మరొక విచిత్ర పరిణామం 1962లో మొదలైంది. అమెరికా గోధుమల దిగుమతికి భారతదేశం రూపాయలలో చెల్లించిన సొమ్ములో కొంత భాగంతో, పి.ఎల్.480 పథకం కింద, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలను, పత్రికలను కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపసాగింది. తెలుగు పత్రికలు కూడా ఆ దారిన సముద్రం దాటాయి. ఊళ్లో దొరకని సంచిక షికాగోలోనో మాడిసన్‌లోనో ఉందని ఒక తెలుగు పరిశోధకుడు తెలుసుకోవడం వెనుక ఉన్న చరిత్ర ఇది. ఇందులో నిందించవలసింది ఏమీ లేదు. క్రమబద్ధంగా కొనడం, క్రమబద్ధంగా సూచీకరించడం అనే రెండు పనులను నిరంతరంగా చేసిన ఫలితం అది.

4. విద్యాగ్రంథాలయంలో సంచిక ప్రయాణం

కళాశాల గ్రంథాలయానికి పుస్తకం వచ్చిన వెంటనే అక్సెషన్ రిజిస్టరులో సంఖ్య పడుతుంది. ఆ క్షణం నుండి అది సంస్థ ఆస్తి. దాని లెక్క చెప్పవలసిన బాధ్యత గ్రంథపాలకునిది. పత్రిక సంచిక విషయం అలా కాదు. దాని రాక కార్డెక్స్‌లో గాని, పత్రికల రిజిస్టరులో గాని నమోదవుతుంది. పఠనమందిరంలో కొంతకాలం ఉంటుంది. ఏడాది సంచికలు పూర్తయిన తర్వాత బైండింగ్ జరిగితే అప్పుడు ఒక సంపుటంగా అక్సెషన్ సంఖ్య పొందుతుంది. బైండింగ్ జరగకపోతే ఆ విడి సంచికలు ఆస్తిగా లెక్కలోకి రాకుండానే మిగులుతాయి. స్టాక్ తనిఖీలో వాటిని ఎవరూ అడగరు. పాత కాగితాలుగా అమ్మివేయడానికి పెద్ద అనుమతులు కూడా అవసరం ఉండదు.

అంటే ఒక సంచిక బ్రతికి ఉండటం ఆ సంవత్సరం బైండింగ్ పద్దులో ఉన్న నిధిపై ఆధారపడిందన్నమాట. నిధి చాలనప్పుడు బైండింగుకు ప్రాధాన్యం ఖరీదైన ఆంగ్ల పత్రికలకు దక్కడం, తక్కువ చందాతో వచ్చే తెలుగు పత్రికలు కట్టలుగా మిగిలిపోవడం సహజం. చందా తక్కువ కనుక విలువ తక్కువ అనే భావన ఇక్కడ తెలియకుండానే పనిచేస్తుంది.

బైండింగ్ కూడా అన్నివేళలా రక్షణ కాదు. సంపుటం మందం తగ్గించడానికి ముఖచిత్రాలను, ప్రకటనల పుటలను తీసివేయడం ఒక అలవాటు. అంచులు సమంగా ఉండటానికి కత్తిరించినప్పుడు పుట చివరి అక్షరాలు పోతాయి. బిగించి కుట్టినప్పుడు లోపలి అంచున ఉన్న అక్షరాలు కనబడవు. స్కాన్ చేసేటప్పుడు ఆ సంపుటాన్ని విప్పక తప్పదు. ముఖచిత్రంపై మాత్రమే తేదీ, సంచిక సంఖ్య, ధర ముద్రించిన పత్రికలు ఉన్నాయి. అట్ట పోతే సంచిక కాలనిర్ణయమే కష్టం.

ప్రకటనలను తొలగించడం వల్ల కలిగే నష్టం కూడా తక్కువది కాదు. నాగేశ్వరరావు పత్రికలకు అమృతాంజనం ఆదాయం అండగా నిలిచింది. 1928లో 'గృహలక్ష్మి'ని స్థాపించిన కె.ఎన్.కేసరి 'లోధ్ర' ఔషధ వ్యాపారంతో ప్రసిద్ధుడు. ఔషధ వ్యాపారం సాహిత్యపత్రికను ఎలా పోషించింది, స్త్రీ ఆరోగ్యం గురించిన ప్రకటన స్త్రీవిద్య గురించిన వ్యాసం పక్కన ఏ భాషలో మాట్లాడింది అనే ప్రశ్నలకు సమాధానం ఆ పుటలలోనే ఉంది. వ్యాసాలను ఉంచి ప్రకటనలను తీసివేసిన సంపుటం పత్రికను వ్యాససంకలనంగా మార్చివేస్తుంది.

సూచీకరణలో తెలుగు పత్రికలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. పాత పత్రికలు తెలుగు సంవత్సర, మాసనామాలను వాడేవి. 'భారతి' మొదటి సంచిక నాటికి నడుస్తున్నది రుధిరోద్గారి. ఆ ఏడాది ఉగాది నుండి రక్తాక్షి. కనుక జనవరి నుండి డిసెంబరు వరకు కట్టిన సంపుటంలో రెండు తెలుగు సంవత్సరాలు ఉంటాయి. అరవై ఏళ్ల చక్రం వల్ల 'ప్రభవ' అని మాత్రమే ఉన్న సంచిక 1867–68కి చెందవచ్చు, 1927–28కి చెందవచ్చు, 1987–88కి కూడా చెందవచ్చు. అక్షరాల అచ్చు, కాగితం, విషయం చూసి నిర్ణయించగల తెలుగు పరిజ్ఞానం గ్రంథాలయ సిబ్బందికి ఉండాలి. లేకపోతే ఉన్న సంచిక కూడా లేనట్టే అవుతుంది.

5. కాగితం చేసే చేటు

పాత సంచిక పుట తిప్పగానే అంచులు పొడిపొడిగా రాలడం పరిశోధకులందరికీ అనుభవమే. దీనికి కారణం వయస్సు మాత్రమే కాదు. గుడ్డపేలికలతో చేసిన పూర్వపు కాగితం శతాబ్దాలపాటు నిలిచింది. పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధం నుండి కొయ్యగుజ్జు కాగితం వ్యాపించింది. యంత్రంతో నూరిన గుజ్జులో మిగిలిపోయే లిగ్నిన్ వెలుతురుకు, గాలికి పసుపుబారుతుంది. సిరా పీల్చకుండా ఉండేందుకు పటిక, రోజనం కలిపి చేసే పూత కాగితంలో ఆమ్లాన్ని పెంచుతుంది. ఆమ్లం, తేమ, వేడి కలిసి సెల్యులోజ్ పోగులను తెంచుతాయి. అమెరికాలో విలియం బారో 1950ల చివర 1900–1949 మధ్యకాలపు పుస్తకాలను పరీక్షించి, వాటిలో అత్యధికభాగం మన్నిక కోల్పోతున్నదని నిరూపించాడు. తెలుగు పత్రికల మహోజ్జ్వల దశ కూడా సరిగా ఆ అర్ధశతాబ్దమే.

రెండో ప్రపంచయుద్ధకాలంలో కాగితం కొరత, ప్రభుత్వ నియంత్రణ కారణంగా పత్రికలు దొరికిన నాసిరకం కాగితంపైనే అచ్చయ్యాయి. అందువల్ల 1890ల నాటి సంచిక కంటె 1940ల నాటి సంచిక పెళుసుగా ఉండటం తరచు కనిపిస్తుంది. పాతదానికే ముందు రక్షణ అనే సాధారణ సూత్రం ఇక్కడ పనికిరాదు. ఏది ముందు పోతుందో పరిశీలించి నిర్ణయించాలి.

దీనికి కోస్తా ప్రాంతపు ఉక్కపోత, వానాకాలపు బూజు, చెదలు, బైండింగ్ జిగురును తినే పురుగులు తోడవుతాయి. ఇనుప పిన్నులు తుప్పుపట్టి చుట్టూ ఉన్న కాగితాన్ని తినివేస్తాయి. చిరిగిన పుటలకు వేసే సెలోటేపు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా మిగిలి అక్షరాలను కప్పివేస్తుంది. సదుద్దేశంతో చేసిన మరమ్మతు కూడా హాని చేయగలదనడానికి ఇది నిదర్శనం. పలుచని జపాన్ టిష్యూ కాగితం, అవసరమైతే తిరిగి తొలగించగల పిండిజిగురు వాడటం నిపుణులు అంగీకరించిన పద్ధతి.

6. ఉపసంహరణ విధానం – ఒక తప్పుడు పోలిక

స్థలం చాలకపోవడం ప్రతి గ్రంథాలయానికీ ఉన్న సమస్యే. గ్రంథాలయం పెరిగే జీవి అని రంగనాథన్ 1931లో సూత్రీకరించిన నాటి నుండి అది అందరూ ఎరిగినదే. పాత సంపుటాలను ఉపసంహరించడానికి గ్రంథాలయాలు సాధారణంగా మూడు విషయాలను ఆధారం చేసుకుంటాయి: వాటి ఉపయోగం తగ్గింది, మరోచోట ప్రతి ఉంది, ఎలక్ట్రానిక్ రూపం లభిస్తోంది. ఆంగ్ల విజ్ఞానశాస్త్ర పత్రికలకు ఇవి చాలావరకు వర్తిస్తాయి. 1995లో మొదలైన జేస్టోర్ వంటి సంస్థలు పూర్తి సంపుటాలను డిజిటల్ రూపంలో ఇవ్వడమే కాక ముద్రిత ప్రతులను కూడా కొన్నిచోట్ల భద్రపరిచే ఏర్పాటు చేశాయి. 1949లో అమెరికా మధ్యపశ్చిమ విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకున్న ఉమ్మడి గ్రంథాలయం, ఇప్పటి సెంటర్ ఫర్ రిసెర్చ్ లైబ్రరీస్, ఒక్క ప్రతిని అందరి తరఫున దాచే పద్ధతికి ఉదాహరణ.

తెలుగు పత్రికలకు ఈ మూడింటిలో ఏదీ యథాతథంగా వర్తించదు. మానవీయశాస్త్రాలలో పాత సంచిక ఉపయోగం కాలంతో తగ్గదు, పెరుగుతుంది. మరోచోట ప్రతి ఉందో లేదో చెప్పగల సమగ్రమైన ఉమ్మడి సూచిక తెలుగుకు లేదు. డిజిటల్ రూపం ఉన్నా అది సంపూర్ణమో కాదో పుటపుటా పరిశీలించినవారు అరుదు. కేంద్రప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి ఏడాదిలో వినియోగమైన వెయ్యి సంపుటాలకు ఐదు పోవడాన్ని సహేతుక నష్టంగా అంగీకరిస్తుంది. పుస్తకాల విషయంలో అది సబబే. కాని పోయిన ఐదింటిలో ఒకటి ఒక పత్రిక ఏడాది సంపుటమైతే, పోయింది పన్నెండు సంచికలు. వాటికి మరో ప్రతి ఎక్కడా లేకపోవచ్చు. ఒకే అంకెతో కొలిచిన రెండు నష్టాలు సమానం కావు.

7. మైక్రోఫిల్మ్ నుండి తెరపైకి

అమెరికాలో పత్రికలను మైక్రోఫిల్మ్ చేసి అసలు ప్రతులను వదిలించుకున్న తీరును నికల్సన్ బేకర్ 2001లో 'డబుల్ ఫోల్డ్' గ్రంథంలో తీవ్రంగా విమర్శించాడు. పుట మూలను అటూ ఇటూ మడిచి చూసి, విరిగితే ఆ పుస్తకం పనికిరానిదని నిర్ణయించే పరీక్ష పేరే ఆ గ్రంథానికి శీర్షిక. ఫిల్మ్‌లో పుటలు తప్పిపోయినా, అస్పష్టంగా ఉన్నా సరిచూడటానికి అసలు ప్రతి లేకపోవడం ఆయన ఎత్తిచూపిన ప్రధాన లోపం. ఎసిటేట్ ఫిల్మ్ పులిసిన వాసనతో చెడిపోతుందని, పాలియెస్టర్ ఫిల్మ్ సరైన వాతావరణంలో శతాబ్దాలు నిలుస్తుందని తర్వాత రుజువైంది. మాధ్యమం మారినంత మాత్రాన పరిరక్షణ పూర్తికాదు.

దక్షిణాదిన ఒక మంచి నమూనా 1994లో మద్రాసులో ఏర్పడిన రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం. ఒక వ్యక్తి జీవితకాలం సేకరించిన తమిళ గ్రంథ, పత్రికా సంపదను షికాగో విశ్వవిద్యాలయం కొని, దేశం దాటించకుండా ఇక్కడే భద్రపరిచే ఏర్పాటు చేసింది. తెలుగులో 1997లో శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయం ఒకే ప్రక్రియను లక్ష్యంగా పెట్టుకొని పత్రికల సంచికలను వెదికి కూర్చింది. ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో చెప్పగల సూచికను నిర్మించింది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తలపెట్టిన పని అది.

డిజిటల్ దశలో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ 'ఆంధ్రపత్రిక', 'భారతి', 'కృష్ణాపత్రిక', 'గోలకొండ పత్రిక' వంటి వాటిని స్కాన్ చేసి అంతర్జాలంలో ఉంచడం తెలుగు పరిశోధనకు జరిగిన గొప్ప మేలు. 2000ల తొలి సంవత్సరాలలో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కూడా వేలాది తెలుగు గ్రంథాలను అందించింది. అయితే శీర్షికలు రోమన్ లిపిలో ఒక పద్ధతి లేకుండా నమోదు కావడం వల్ల వెదకడం కష్టమయింది. తర్వాత ఆ వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయింది. ముందుగానే ప్రతులు దింపి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చినవారి వల్ల చాలా భాగం మిగిలింది. కాగితానికి చెదలు ఎలాగో డిజిటల్ ప్రతికి నిర్వహణ లోపం అలాగు. చెద పట్టిన కట్టలో కొన్ని పుటలైనా మిగులుతాయి. ఆగిపోయిన సర్వరులో ఏదీ మిగలదు.

8. ఆచరణయోగ్యమైన మార్గాలు

పై పరిశీలన నుండి కొన్ని సూచనలు చేయవచ్చు. వీటిలో మొదటి మూడింటికి పెద్ద నిధులు అవసరం లేదు.

మొదటిది, విడి సంచికలను బైండింగ్ కోసం ఆగకుండా ఆస్తిగా నమోదు చేయడం. రెండవది, తెలుగు పత్రికలకు ఉపసంహరణ నియమాన్ని వేరుగా రూపొందించి, తెలుగు శాఖ లిఖితపూర్వక అభిప్రాయం లేకుండా ఏ సంచికనూ తొలగించకుండటం. మూడవది, ప్రతి గ్రంథాలయం తన వద్ద ఉన్న సంచికల జాబితాతోపాటు లేని సంచికల జాబితాను కూడా ప్రకటించడం. ఒకరి లోటు మరొకరి నిల్వతో తీరే అవకాశం అప్పుడే తెలుస్తుంది. పిహెచ్.డి. పరిశోధకులు పత్రికలపై పనిచేసేటప్పుడు తాము చూసిన సంచిక ఏ గ్రంథాలయానిదో, అందులో ఏ పుటలు లేవో తప్పక పేర్కొంటే అటువంటి ఉమ్మడి సూచికకు పునాది పడుతుంది.

నాలుగవది, బైండింగ్ పద్ధతిలో మార్పు. అట్టలు, ప్రకటనలు సహా యథాతథంగా ఉంచి, పెళుసు సంచికలను కుట్టకుండా ఆమ్లరహితమైన అట్టపెట్టెలలో పరుండబెట్టడం మేలు. ఐదవది, డిజిటలీకరణ. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం, ముద్రిత ప్రతి తమ వద్ద ఉన్నప్పుడు దానిని పరిరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకునే వెసులుబాటును లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయాలకు కల్పించింది. రచయిత మరణానంతరం 60 సంవత్సరాల హక్కుకాలం ముగిసిన రచనలను అందరికీ అందించవచ్చు. స్కాన్ ప్రతులు ఒకటి కంటె ఎక్కువచోట్ల ఉండాలి. వివరాలు తెలుగు లిపిలోనే నమోదు కావాలి. అన్నిటికంటె ముఖ్యంగా, స్కాన్ అయిందన్న కారణంతో అసలు ప్రతిని పారవేయకూడదు.

9. ముగింపు

తెలుగు పత్రికలను ఇంతవరకు కాపాడినది వ్యవస్థ కంటె వ్యక్తుల శ్రద్ధ. గ్రంథాలయోద్యమ కార్యకర్తలు, గ్రామీణ పఠనమందిరాల నిర్వాహకులు, కథలు వెదికిన ఉపాధ్యాయులు, ఇంటి అటకమీద కట్టలు దాచిన పాఠకులు ఈ పని చేశారు. విద్యాసంస్థల గ్రంథాలయాలకు భవనం, సిబ్బంది, నిధి, శాస్త్రీయ శిక్షణ అన్నీ ఉన్నాయి. కొరవడినది, పత్రిక సంచిక కూడా ఒక గ్రంథమే అన్న గుర్తింపు. 'ధనత్రయోదశి' అచ్చయిన సంచిక మిగిలింది కనుక సాహిత్యచరిత్ర తన తీర్పును పునఃపరిశీలించుకోగలిగింది. నేడు ఏ గ్రంథాలయపు మూలనో తాడు కట్టి పడి ఉన్న కట్టలో మరే తీర్పును మార్చగల ఆధారం ఉందో ఆ కట్టను విప్పి చదివేవరకు ఎవరూ చెప్పలేరు. అంతవరకు దానిని నిలిపి ఉంచడమే గ్రంథాలయం పరిశోధనకు చేయగల సేవ.